పరివర్తన లోహాలు, సంశ్లిష్టాలు: పత్తి, మిరప నేలల్లో

ఆవర్తన పట్టిక నడిమి భాగంలో, 3వ గ్రూపు మొదలుకొని పరుచుకున్న మూలకాలను పరివర్తన లోహాలంటారు. ఇనుము, రాగి, మాంగనీసు, కోబాల్టు, నికెల్, క్రోమియం, మాలిబ్డినం, వెండి, బంగారం, ప్లాటినం ఈ కుటుంబంలోవే. వీటి పరమాణువుల్లోగాని, వీటినుంచి ఏర్పడే అయాన్లలోగాని ‘డి’ ఆర్బిటాళ్లు పూర్తిగా నిండి ఉండవు. ఒక్కో లోహం పలు ఆక్సీకరణ స్థితుల్లో కనిపించడం, సమ్మేళనాలకు రంగులుండడం, అయస్కాంతానికి లొంగడం, ఉత్ప్రేరకాలుగా పనిచేయడం అన్నీ ఈ లోటు వల్ల వచ్చిన గుణాలే. వీటి అయాన్లు చుట్టుపక్కల అణువుల నుంచి ఎలక్ట్రాన్ జంటలను అందుకుని వాటితో గట్టిగా జతకడతాయి. అలా జతకట్టే అణువును లేదా అయాన్‌ను లైగాండ్ అనీ, ఏర్పడినదాన్ని సంశ్లిష్ట సమ్మేళనం అనీ పిలుస్తారు.

జింకు సంగతి కొంచెం వేరు. దాని అయాన్‌లో పది డి ఎలక్ట్రాన్లూ నిండుగా ఉంటాయి కాబట్టి శాస్త్రనిర్వచనం దాన్ని గీతకు అవతల నిలబెడుతుంది. లైగాండ్లతో జతకట్టడంలో మాత్రం అది ఇవతలివాళ్ల కన్నా వెనకబడిందేమీ లేదు. గుంటూరు, ప్రకాశం రైతు నోట ఎక్కువగా వినిపించే లోహం పేరూ అదే. అందుకని ఈ వ్యాసం ఆ గీతను పట్టించుకోదు.

ఇక్కడ గుంటూరు, ప్రకాశం అన్నది పాత ఉమ్మడి జిల్లాల అర్థంలో. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో పల్నాడు, బాపట్ల జిల్లాలు వీటినుంచే విడివడ్డాయి. మందుల కొట్టు, అద్దకపు బాన, మట్టి పరీక్షా కేంద్రం ఈ మూడూ ఉన్న నేల కాబట్టి సంశ్లిష్ట రసాయనానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణలు వెతకనక్కర్లేదు.

నేలలో ఉండీ అందని ఇనుము

మిరప, వేరుశనగ చేలల్లో, మెట్ట వరి నారుమళ్లలో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుకు తిరిగి, ముదిరితే తెల్లగా పాలిపోతాయి. ఇది ఇనుపధాతు లోపం. వ్యవసాయ శాఖ చెప్పే మందు చాలాకాలంగా మారలేదు: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, దానికి తోడు గ్రాము దాకా నిమ్మ ఉప్పు, వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు, అందులో బరువులో ఐదో వంతు ఇనుము. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం. అందులో ఇనుము రవ్వంత కూడా లేదు. మరి ఎందుకు కలపమంటారు?

అన్నభేదిని ఉత్త బోరునీళ్లలో కలిపి కాసేపు వదిలేస్తే ఆ లేతాకుపచ్చ నీళ్లు తుప్పు రంగుకు తిరిగి అడుగున మడ్డి చేరుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఫెర్రస్ అయాన్‌ను ఫెర్రిక్‌గా మార్చింది. ఫెర్రిక్ అయాన్ నీటితో చర్య పొంది కరగని హైడ్రాక్సైడు అయింది. ఆ మడ్డి ఆకుమీద పడ్డా లోపలికి పోదు. సిట్రిక్ ఆమ్లం నీటిలో పులుపు నిలిపి ఈ మార్పును నెమ్మదింపజేస్తుంది. అంతేకాదు, తన ఆక్సిజన్ పరమాణువులతో ఇనుమును పలుచోట్ల పట్టుకుని ద్రావణంలోనే ఉంచుతుంది. రెండోదే లైగాండ్ చేసే పని. అన్నభేది డబ్బాలో నిమ్మ ఉప్పు వేసే రైతు చేస్తున్నది అక్షరాలా సంశ్లిష్ట రసాయనం.

నేలలోనూ ఇదే కథ. కనిగిరి, మార్కాపురం వైపు ఎర్రనేలకు ఆ ఎరుపు ఇనుప ఆక్సైడు ఇచ్చిందే. సత్తెనపల్లి, నరసరావుపేట, పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడిలోనూ ఇనుముకు కొదవలేదు. కాని నల్లరేగడి సున్నం పాలు ఎక్కువున్న నేల. దాని ఉదజని సూచిక సాధారణంగా 7.5 దాటే ఉంటుంది. ఈ సూచిక ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగివుండే ఫెర్రిక్ అయాన్ వెయ్యో వంతుకు పడిపోతుంది. 6 ఉన్న నేలకూ 8 ఉన్న నేలకూ తేడా పది లక్షల రెట్లన్నమాట. జింకుకు ఈ తరుగుదల అంకెకు వంద రెట్లు. కాబట్టి నేలలో లోహం ఎంత ఉందన్న ప్రశ్న సగం ప్రశ్నే. అది దేనితో జతకట్టి ఉందన్నది మిగతా సగం. ఈ సగమే లోహపు రంగును, విషాన్ని, పోషణను, విలువను నిర్ణయిస్తుంది.

మొక్కలు ఈ లెక్కను రసాయనశాస్త్రం పుట్టకముందే నేర్చాయి. జొన్న, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పైర్లు వేళ్లనుంచి మ్యూజినిక్ ఆమ్ల కుటుంబానికి చెందిన లైగాండ్లను మట్టిలోకి వదిలి, ఫెర్రిక్ ఇనుమును పట్టుకుని, ఆ జంటను అలాగే లోపలికి లాక్కుంటాయి. ఈ ఆమ్లాల సంగతి 1970లలో జపాన్‌లో తకాగి చేసిన పరిశోధనల్లో బయటపడింది. పత్తి, మిరప, వేరుశనగలకు ఆ విద్య రాదు. అవి వేరు చుట్టూ ఆమ్లం చిమ్మి, ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చుకుని పీల్చుకుంటాయి. సున్నపునేల ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు మింగేస్తుంది కాబట్టి ఇక్కడ వీటికి కష్టం ఎక్కువ.

వెర్నర్ కట్టిన లెక్క

కోబాల్టు క్లోరైడుకు అమ్మోనియా చేరిస్తే రకరకాల రంగుల స్ఫటికాలు వస్తాయని 19వ శతాబ్ది రసాయనవేత్తలకు తెలుసు. ఆరు అమ్మోనియా అణువులున్నది పసుపు, ఐదున్నది ఊదా, నాలుగున్నది ఒకసారి ఆకుపచ్చ, మరోసారి వంగపండు రంగు. మూడింటిలోనూ కోబాల్టుకు మూడేసి క్లోరిన్లే. సిల్వర్ నైట్రేటు పోస్తే మాత్రం పసుపుదానిలో మూడు క్లోరిన్లూ తెల్ల అవక్షేపంగా దిగుతాయి, ఊదాదానిలో రెండే, ఆకుపచ్చదానిలో ఒక్కటే. మిగతావి ఎక్కడ దాక్కున్నాయి?

1893లో, ఇరవై ఆరేళ్ల వయసులో, ఆల్ఫ్రెడ్ వెర్నర్ జవాబు చెప్పాడు. లోహానికి రెండు రకాల సంయోజకతలున్నాయి. ఒకటి దాని ఆవేశానికి సంబంధించినది, రెండోది దాని చుట్టూ ఎన్ని చోట్లున్నాయన్నది. కోబాల్టు చుట్టూ ఆరు చోట్లు, అష్టముఖి ఆకారపు ఆరు మూలల్లో. ఆ చోట్లలో కూర్చున్న క్లోరిన్ వెండికి చిక్కదు, బయట ఉన్నదే చిక్కుతుంది. నాలుగు అమ్మోనియాలున్న సమ్మేళనంలో రెండు క్లోరిన్లు ఎదురెదురు మూలల్లో ఉంటే ఆకుపచ్చ, పక్కపక్కన ఉంటే వంగపండు రంగు. అప్పటికి ఎక్స్‌రేలతో స్ఫటికాల లోపలికి చూసే పద్ధతి లేదు. రంగులు, విద్యుద్వాహకత, అవక్షేపాల లెక్క, వీటితోనే అణువు ఆకారాన్ని తేల్చాడు. డెన్మార్క్‌కు చెందిన యోర్గెన్సెన్ ఏళ్ల తరబడి ఎదురువాదం చేశాడు. వెర్నర్ వాదానికి కావలసిన నిక్కచ్చి ప్రయోగ ఫలితాల్లో చాలాభాగం యోర్గెన్సెన్‌వే కావడం విశేషం. 1913లో వెర్నర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు సమన్వయ సంఖ్య అంటున్నది ఆయన చెప్పిన ఆ చోట్ల సంఖ్యే. ఆరైతే ఎక్కువగా అష్టముఖి, నాలుగైతే చతుర్ముఖి లేదా సమతల చతురస్రం.

రంగు

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, నెమలికంఠపు నీలం. పెనం మీద వేసి వేడి చేస్తే తెల్లని పొడి. ఒక చుక్క నీరు తగిలితే మళ్లీ నీలం. రంగు రాగిది మాత్రమే అయితే పొడి తెల్లగా ఎందుకుంటుంది? నీటి అణువులు లైగాండ్లుగా చేరినప్పుడు రాగి అయాన్‌లోని ఐదు డి ఆర్బిటాళ్లూ ఒకే శక్తి మట్టంలో ఉండవు, రెండు అంతస్తులుగా చీలుతాయి. కింది అంతస్తు ఎలక్ట్రాన్ పైకి ఎక్కడానికి ఎర్ర, నారింజ కాంతిని తింటుంది. తినకుండా వదిలేసినదే మన కంటికి నీలం. అంతస్తుల మధ్య ఎత్తు లైగాండ్‌ను బట్టి మారుతుంది. మైలుతుత్తం ద్రావణంలో అమ్మోనియా పోస్తే నీటికన్నా బలమైన లైగాండ్ వచ్చి చేరి ఎత్తు పెరుగుతుంది, నీలం చిక్కబడి సిరా రంగవుతుంది. 1929లో హాన్స్ బెతే ప్రతిపాదించిన స్ఫటిక క్షేత్ర సిద్ధాంతపు సారం ఇదే. జింకులో డి అంతస్తులు నిండిపోయి ఎక్కడానికి చోటే లేదు. పాలతుత్తం, అంటే జింకు సల్ఫేటు, తెల్లగా ఉండడానికి కారణమదే.

పర్మాంగనేటు ఊదా మాత్రం ఈ లెక్కకు లొంగదు. అందులో మాంగనీసుకు డి ఎలక్ట్రాన్లే మిగలలేదు. ఆక్సిజన్ నుంచి ఎలక్ట్రాన్ లోహం మీదకు దూకడం వల్ల వచ్చిన రంగది. ఇక గుంటూరు మిరప ఎరుపులో ఏ లోహమూ లేదు. అది కాప్సాంథిన్ అనే కెరోటినాయిడు వర్ణకం. ఆకుపచ్చకు కారణమైన పత్రహరితం నడుమ ఉన్న లోహం మెగ్నీషియం, అదీ పరివర్తన లోహం కాదు. ఇనుము లేకపోతే ఆకు పసుపెక్కేది పత్రహరితాన్ని తయారుచేసే ఎంజైములకు ఇనుము కావాలి గనుక.

రాగి మందులు

మిరప నారుమడిలో నారుకుళ్లు తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మడి తడిసేలా పోయడం ఈ ప్రాంతమంతటా తెలిసిన పద్ధతి. దీనికి పూర్వికురాలు బోర్డో మిశ్రమం. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో దారిపక్క ద్రాక్షను దొంగలు ముట్టకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి పులిమేవారు. పులిమిన తీగలకు బూజు తెగులు రాలేదని గమనించిన మిల్లార్డే 1885లో దాన్ని మందుగా ప్రకటించాడు. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీరు. రెండింటినీ విడివిడిగా కరిగించి కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు, ఎందుకంటే ఇనుము తాను కరిగి రాగిని బయటకు నెట్టేస్తుంది. సున్నం చాలిందో లేదో చూడడానికీ ఇదే చర్య సాయం. తళతళలాడే ఇనుపకత్తిని ముంచి తీస్తే రాగిపూత కనిపించిందంటే ఇంకా సున్నం పడాలి. చాలకపోతే ఆకు మాడుతుంది.

ఈ మందులు నీటిలో దాదాపు కరగవు. కరగని రాగి శిలీంధ్రాన్ని ఎలా చంపుతుందన్నది న్యాయమైన సందేహం. మొలకెత్తే సిద్ధబీజం తన చుట్టూ అమైనో ఆమ్లాల వంటి పదార్థాలను స్రవిస్తుంది. అవి రాగికి మంచి లైగాండ్లు. ఆకుమీది మందునుంచి రాగిని కరిగించుకుని తమతో తీసుకొస్తాయి. లోపలికి చేరిన రాగి ఎంజైముల్లోని గంధక సమూహాలను పట్టుకుని వాటిని పనికిరాకుండా చేస్తుంది. ఊరగాయ జాడీ పింగాణీది కావాలనడం, ఇత్తడి గిన్నెకు కళాయి పూయించడం ఈ ప్రమాదాన్ని ఎరిగి పెట్టుకున్న కట్టుబాట్లే. చింతపండుతో తోమితే రాగి చెంబు మెరిసేదీ, కళాయి పోయిన గిన్నెలో పులుసు చిలుమెక్కేదీ ఒకే కారణంతో: పులుపులోని టార్టారిక్ ఆమ్లం రాగి చిలుమును కరిగించి తనతో కట్టేసుకుంటుంది.

రాగి కుళ్లిపోదు, ఆవిరైపోదు. చల్లినదంతా నేలలోనే ఉంటుంది. ఐరోపా ద్రాక్షతోటల అనుభవం చూసి అక్కడ ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగికి మించకూడదని 2019 నుంచి నియమం పెట్టారు.

పీతకొండి

ఒక లైగాండ్ లోహాన్ని రెండు, అంతకుమించి చోట్ల పట్టుకుంటే అది కీలేట్. పీతకొండికి గ్రీకుమాట నుంచి 1920లో ఈ పేరు పెట్టారు. కొట్లో అమ్మే ‘చీలేటెడ్ జింక్’ ప్యాకెట్టులోది ఈడీటీఏ అనే లైగాండ్. ఆరు చోట్ల పట్టుకుని లోహాన్ని పూర్తిగా చుట్టేస్తుంది. దాని పట్టును స్థిరతా స్థిరాంకపు లాగరిథమ్‌తో కొలుస్తారు: కాల్షియంకు సుమారు 10.7, జింకుకు 16.5, రాగికి 18.8, ఫెర్రిక్ ఇనుముకు 25.1. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు.

ఈ అంకెలు చూసి ఇనుప ఈడీటీఏ ఏ నేలలోనైనా నిలుస్తుందనుకుంటే పొరపాటు. నల్లరేగడిలో కాల్షియం లెక్కలేనంత. ఇనుమేమో హైడ్రాక్సైడు వైపు లాగుతుంటుంది. సూచిక 7కు అటూ ఇటూ రాగానే ఈడీటీఏ ఇనుమును వదిలి కాల్షియంను పట్టుకుంటుంది. అలాంటి నేలకు ఈడీడీహెచ్ఏ కావాలి. ఎర్రటి ద్రావణమిచ్చే ఆ కీలేట్ 9 దాకా చెక్కుచెదరదు, ఖరీదు కూడా అందుకు తగ్గట్టే. ఆకుమీద పిచికారీకైతే అన్నభేది, నిమ్మ ఉప్పు జంట చౌకగా సరిపోతుంది. ఖరీదైన ప్యాకెట్టు కొనేముందు అది నేలకా, ఆకుకా అని అడగడం మంచిది.

జింకు సల్ఫేటును డీఏపీతోగాని సూపర్ ఫాస్ఫేటుతోగాని కలిపి వేయొద్దనే మాటకూ ఆధారం ఇదే కోవది. ఫాస్ఫేటు జింకును కరగని లవణంగా మార్చి రెండింటినీ పైరుకు దక్కనివ్వదు. వరిలో ఖైరా తెగులు సూక్ష్మజీవి వల్ల కాదు, జింకు లోపం వల్లేనని 1960లలో పంత్‌నగర్‌లో తేల్చిన వై.ఎల్. నెనె తర్వాతి కాలంలో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో పనిచేశారు.

మట్టి పరీక్షకూ కీలేటే పనిముట్టు. లిండ్సే, నార్వెల్ 1978లో ప్రచురించిన పద్ధతిలో పది గ్రాముల మట్టిని డీటీపీఏ అనే లైగాండ్ ద్రావణంలో రెండు గంటలు కుదుపుతారు. అది వేరు అందుకోగలిగినంత లోహాన్నే సుమారుగా లాగుతుంది. అలా వచ్చిన జింకు కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల లోపుంటే, ఇనుము 4.5 లోపుంటే లోపమని లెక్క. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డుల్లో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు గళ్లున్నాయి.

అద్దకం, దూది

అరటికాయ కోసిన ఇనుపకత్తి నల్లబడుతుంది. కాయలోని టానిన్లు ఇనుముతో కట్టిన సంశ్లిష్టమది. కలంకారీ నలుపు కూడా అదే. కరక్కాయ రసం పట్టించిన బట్టమీద, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టిన ద్రవంతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ వచ్చి ఆగిన పెటపోలి, అంటే నేటి నిజాంపట్నం, ఎర్రరంగునిచ్చే చిరువేరు అద్దకపు బట్టలకు పేరుపొందిన రేవు. చీరాల తేలియా రుమాలు ఎరుపులో అలిజరిన్ వర్ణకాన్ని నూలుకు కట్టి ఉంచేది అల్యూమినియం. అది మన కుటుంబపు లోహం కాకపోయినా కట్టే పద్ధతి ఒకటే. పాత అద్దకపు బట్టల్లో ముందుగా చివికి చిల్లులు పడేవి నల్లగీతలే. ఇనుము రెండు ఆక్సీకరణ స్థితుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ గాలిలోని ఆక్సిజన్ దారాన్ని తినడానికి తోడ్పడుతుంది. ఉత్ప్రేరకమంటే ఇదే, కాకపోతే ఇక్కడ నష్టం చేసింది.

దూదిని నీరు కరిగించలేదు, సారా కరిగించలేదు. రాగి హైడ్రాక్సైడును అమ్మోనియాలో కరిగించి తెచ్చిన ముదురునీలి ద్రావణం కరిగిస్తుంది. 1857లో ష్వైట్సర్ కనిపెట్టాడు. సెల్యులోజు గొలుసులోని పక్కపక్క హైడ్రాక్సిల్ సమూహాలు రాగికి లైగాండ్లవుతాయి, గొలుసుల మధ్య పట్టు సడలుతుంది. ఆ ద్రావణాన్ని సన్నని రంధ్రాలగుండా నీటిలోకి వదిలితే రాగి విడిపోయి పట్టులాంటి దారం వస్తుంది. పత్తిగింజకు అంటుకుని మిగిలే పొట్టినూగు, లింటర్, దీనికి ముడిసరుకు. జపాన్‌లో ఈ కుప్రో దారం ఇప్పటికీ తయారవుతోంది.

కొండల్లో, వేరుబుడిపెల్లో

ఖనిజాల విషయం క్లుప్తంగా. వినుకొండ దగ్గరి అగ్నిగుండాల ప్రాంతంలో నల్లకొండ, ధూకొండ రాగికీ, బండలమోటు సీసానికీ పేరు. బండలమోటు గనిని హిందుస్థాన్ జింక్ నడిపింది. ఒంగోలు పక్కన కొణిజేడు కొండల్లో మాగ్నటైటు ఇనుపరాయి ఉంది. చీమకుర్తి గెలాక్సీ రాతిలో మెరిసే చుక్కలు ఇనుము, మెగ్నీషియం కలిసిన పైరాక్సీన్ ఖనిజానివి.

ప్రకాశం శనగ మొక్కను పెరికి వేరుబుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబి రంగు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్, ఇనుప సంశ్లిష్టం, ఆక్సిజన్‌ను అదుపులో ఉంచుతోంది. ఎందుకంటే పక్కనే ఉండి గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేస్ ఎంజైము ఆక్సిజన్‌ను సహించదు. ఆ ఎంజైము గుండెలో ఏడు ఇనుప పరమాణువులు, ఒక మాలిబ్డినం, తొమ్మిది గంధకాలు, నట్టనడుమ ఒక కర్బనం. ఆ కర్బనం సంగతి 2011లోగాని తేలలేదు. యూరియా కర్మాగారం వందల డిగ్రీల వేడి, వందలాది వాతావరణాల ఒత్తిడి, ఇనుప ఉత్ప్రేరకంతో చేసే పనిని శనగవేరు నేల చల్లదనంలో చేస్తుంది.

జత మారితే లోహపు స్వభావం మారుతుందన్న మాటను ప్రయోగశాల పనిముట్టుగా మలిచినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన జి. గోపాలరావు ఒకరు. గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఫాస్ఫేటు ఫెర్రిక్ ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్‌గా మారాలని తొందరపడుతుంది, మామూలుగా లేని క్షయకరణ శక్తి దానికి వస్తుంది. 1960ల ఆరంభంలో ఆయన బృందం ఈ ఆధారంతో పలు లోహాల అంశమాపన పద్ధతులు ప్రచురించింది. 1964లో బ్రిటన్‌లో వెలువడిన డేవిస్–గ్రే యురేనియం పద్ధతి కూడా ఫాస్ఫారిక్ ఆమ్లంలోని ఫెర్రస్ ఇనుముతోనే నడుస్తుంది.

ఎం-45

రైతులు ఎం-45 అని పిలిచే మాంకోజెబ్ పచ్చపసుపు పొడి. డైథయోకార్బమేటు లైగాండ్లు మాంగనీసు, జింకులను గొలుసుగా కలిపితే ఏర్పడే సంశ్లిష్టం. 1960ల ఆరంభంలో మార్కెట్టుకొచ్చింది. జెడ్-78 అనే జినెబ్‌లో జింకు ఒక్కటే. ఆకుమీద మాంకోజెబ్ విరిగి పుట్టే పదార్థాలు శిలీంధ్రపు పలు ఎంజైములను ఒకేసారి దెబ్బతీస్తాయి. ఒక్క ఎంజైమునే గురిపెట్టే మందులకు తెగులు అలవాటుపడ్డంత త్వరగా దీనికి పడకపోవడానికి కారణం అదే.

మిరపకాయల్లో దీని అవశేషాన్ని నేరుగా కొలవడం కష్టం, ఏ ద్రావకంలోనూ సరిగా కరగదు. అందుకని నమూనాను స్టానస్ క్లోరైడు కలిపిన ఆమ్లంలో మరిగించి లైగాండ్‌ను విరగ్గొడతారు, కార్బన్ డైసల్ఫైడు ఆవిరి బయటకొస్తుంది. ఇప్పుడు దాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలుస్తున్నారు. పాత పద్ధతిలో ఆ ఆవిరిని కాపర్ అసిటేటు, డై ఇథనాల్ అమీన్ ఉన్న సీసాలోకి పంపేవారు. రాగితో కొత్త డైథయోకార్బమేటు ఏర్పడి ద్రావణం పసుపెక్కేది. ఆ పసుపు ఎంత చిక్కనైతే కాయమీద మందు అంత మిగిలినట్టు.